కింది చెవి

గాలివాన ఒకటే. మిర్యాలగూడలో ఓ రైసుమిల్లు గోదాం మీది రేకులు లేపింది. నడిగూడెం అవతల బండమీది తండాలో పిడుగేసి ఒక పాడిబర్రెను చంపింది. తెల్లారేసరికి రెండు ఫోన్లూ సూర్యాపేటలో రామనర్సయ్య ఆఫీసుకే వచ్చాయి.

రామనర్సయ్య బీమా సర్వేయరు. నష్టం జరిగినచోటికి పోయి, చూసి, ఇంత ఇవ్వొచ్చు, ఇది ఇవ్వకూడదు అని కంపెనీకి రాసిచ్చే పని ఆయనది. శ్రీనాథ్ ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరి వారం కూడా కాలేదు. ఏడాదిపాటు ఆయన వెనక తిరిగి, పని వచ్చిందని ఆయన చేత సంతకం పెట్టించుకుంటేనే లైసెన్సు. ఆ సంతకం కోసం కోదాడలో పొద్దున్నే బస్సెక్కేవాడు. అమ్మ పద్మ ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కా నలుగుతుందని సీటు దొరికినా కూర్చునేవాడు కాదు. కొత్తలో అందరూ అంతే. తర్వాత చొక్కా సంగతి ఎవడికీ పట్టదు.

ముందు తండాకు పోతే బాగుంటుందేమోనని అన్నాడు శ్రీనాథ్. తండా కోదాడకు దగ్గర, తను పొద్దున్నే అటునుంచటే వెళ్లి చూసి రావచ్చు. రామనర్సయ్య కారు తాళాలు వెతుక్కుంటూ, "చచ్చిన బర్రె యాడికి పోతది తమ్మీ? మిల్లు సేటయితే మధ్యాహ్నం హైదరాబాద్ పోతడు" అన్నాడు. తండా నుంచి ధర్మా అనే అతను మళ్లీ ఫోన్ చేసి, ఎండ ముదురుతోంది, పూడ్చుకోవచ్చా అని అడిగాడు. ముట్టుకోవద్దనీ, సర్వేయర్ రాకముందు మన్ను వేస్తే క్లెయిము ఖతమనీ చెప్పి రామనర్సయ్య ఫోన్ పెట్టేశాడు. కారు మిర్యాలగూడ దారి పట్టింది.

మిల్లులో ఏసీ గది. కొబ్బరిబోండాలు కొట్టించారు. యజమాని నష్టం గురించి మాట్లాడుతున్నంతసేపూ రామనర్సయ్య తలూపాడు తప్ప లేవలేదు. శ్రీనాథ్‌కు కూర్చోవడం ఇబ్బందిగా ఉండి గోదాం చూస్తానన్నాడు. గుమస్తా వెంట వచ్చాడు. బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. రేకులు లేచినచోట ఆకాశం కనిపిస్తోంది. పై వరసలు తడిసి, గోనె నల్లబడి, పులిసిన వాసన వస్తోంది. కింది వరసల మీద చెయ్యిపెడితే పొడిగానే తగిలింది. పొడిగా తగిలినంత మాత్రాన లోపల తడవలేదని కాదు, లోపలికి చూడాలి. బస్తాలోకి గుచ్చి గింజలు తీసే ఇనపగొట్టం గోడకు మేకుకే వేలాడుతోంది. శ్రీనాథ్ దాన్ని అందుకున్నాడు.

"ఎందుకన్నా, చొక్కా ఖరాబైతది" అన్నాడు గుమస్తా. గొట్టం ఇటివ్వమన్నట్టు చెయ్యి కూడా చాపాడు.

ఈలోపు యజమానీ రామనర్సయ్యా గుమ్మం దాకా వచ్చారు. రామనర్సయ్య గోదాంలోకి అడుగుపెట్టకుండానే పైకి చూశాడు. "పైన తడిసింది కనవడుతలేదా? నీళ్లు కిందికి వోతయా, మీదికి వోతయా?"

గుమస్తా నవ్వాడు. యజమాని మర్యాదగా నవ్వాడు. చివరికి శ్రీనాథ్ కూడా నవ్వి గొట్టాన్ని మేకుకు తగిలించాడు. ఎన్ని బస్తాలు పాడయ్యాయో యజమాని చెప్పాడు, రామనర్సయ్య రాసుకున్నాడు. వాళ్లు తిరిగి వచ్చేటప్పటికి కారు డిక్కీలో సన్నబియ్యం సంచి ఉంది. అది ఎప్పుడెక్కిందో ఎవరూ అడగలేదు. సర్వేయరంటే పోలీసు కాదనీ, ఎదుటి మనిషి మాట మీద నమ్మకం లేనివాడు ఈ పనికి పనికిరాడనీ రామనర్సయ్య దారిపొడుగునా చెప్పాడు. మధ్యలో ధర్మా ఫోన్ చేశాడు. రేపు మనిషిని పంపుతున్నానన్నాడు రామనర్సయ్య.

*

మర్నాడు నడిగూడెంలో బస్సు దిగి, తండాకు ఆటో మాట్లాడుకునేసరికే శ్రీనాథ్‌కు చిరాకెత్తింది. తండా చేరాక అది రెట్టింపయింది. సర్వేయరు వచ్చాడని ఆటోడ్రైవరు చెప్పగానే నలుగురు పట్టాదారు పాసుపుస్తకాలు పట్టుకుని వచ్చేశారు. కాశీరాం అనే ముసలాయన తన గట్టు జరిపేశారని, ముందు అది కొలిచి పొమ్మని చేయి పట్టుకున్నాడు. భూమి సర్వేయర్ని కాదు, బీమా సర్వేయర్ని అని శ్రీనాథ్ ఎంత చెప్పినా, "ఏదైతేంది సారూ, సర్వేయరే గద, గొలుసు తేలేదా?" అని అడిగాడు. గొలుసు లేని సర్వేయరును వాళ్లు నమ్మలేకపోయారు.

బర్రె చేనుగట్టున తుమ్మచెట్టు కింద ఒక పక్కకు పడి ఉంది. రెండు పగళ్ల ఎండకు పొట్ట ఉబ్బి, కాళ్లు కర్రల్లా చాచుకుని ఉన్నాయి. పక్కనే నులకమంచం, మంచం మీద దుప్పటి, కింద కర్ర. రెండు రాత్రులూ కుక్కలు రాకుండా ధర్మా, అతని భార్య మంగ్లీ వంతులేసుకుని కాపలా కాశారని ఎవరో చెప్పారు. ముట్టుకోవద్దన్నారు కాబట్టి ముట్టుకోలేదు. కుక్కల్నీ ముట్టుకోనివ్వలేదు. పశువుల డాక్టరు ముందురోజే వచ్చి, పిడుగుపాటుకే పోయిందని రాసిచ్చి వెళ్లాడు.

ఆ ఇల్లు నడిచేది ఆ బర్రె పాలతో. మిగిలింది ఇంకా చూడికట్టని పడ్డ. బీమా వస్తే పాలకేంద్రం వాళ్లు పేరు కొట్టెయ్యకముందే ఇంకో బర్రెను తెచ్చుకోవచ్చు. రాకపోతే ఇద్దరూ కూలికి పోవాలి. ఈ సంగతి మంగ్లీ చెప్పలేదు. ధర్మా చెప్పబోతే కళ్లతోనే ఆపింది.

శ్రీనాథ్ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని అల్లంత దూరంలో నిలబడ్డాడు. బర్రె చెవిలో పసుపుపచ్చ ట్యాగు ఉండాలి. బీమా చేసిన రోజున చెవి గుచ్చి వేసే ప్లాస్టిక్ బిళ్ల అది, దాని మీద నంబరు, ఊడిపోకుండా చెవికి బిగించే గుండీ. అది లేని పశువుకు బీమా లేదు. పైకి కనిపిస్తున్న చెవికి ఏమీ లేదు.

ట్యాగేదమ్మా అని అడిగాడు. మంగ్లీ కొంగుముడి విప్పి, పాలిథీన్ కవరులోంచి బిళ్ల తీసి అరచేతిలో పెట్టి చూపింది. ఒక అంచు కోసి ఉంది. చెవికి ఉండాల్సింది చేతికి ఎందుకొచ్చిందని విసుక్కున్నాడు. ఆమె చెప్పింది. నిరుడు కాశీరాం బర్రె సర్కారుతుమ్మ పొదల్లో పడి మేసి, చెవి చీరుకుని ట్యాగు పోగొట్టుకుంది. అది చచ్చిపోతే ఒక్క పైసా రాలేదు. ట్యాగు వేసిన రోజు డాక్టరు దగ్గరి మనిషి కూడా అదే చెప్పాడు, బర్రె పోయినా ఫరవాలేదు, బిళ్ల పోకుండా చూసుకొమ్మని. అందుకని ఆమె బిళ్లను బ్లేడుతో కోసి, ఆధార్ కార్డుల పక్కన ట్రంకుపెట్టెలో దాచింది. బీమా కంపెనీ మాటను ఇంత నిజాయితీగా పాటించినవాళ్లు ఆ జిల్లాలో ఇంకొకరుండరు.

"గుండీ చెవికే ఉంది సారూ. కింది చెవి" అంది మంగ్లీ. "గది కొయ్యలే."

ధర్మా మగవాళ్లను కేకేశాడు. నలుగురం పట్టి తల లేపుతాం, వంగి చూడమన్నాడు. ఇద్దరు అప్పటికే లుంగీలు ఎగ్గట్టారు. సరిగ్గా అప్పుడే గాలి ఇటు తిరిగింది. శ్రీనాథ్‌ రెండడుగులు వెనక్కి వేశాడు. చొక్కా గుర్తొచ్చింది, మధ్యాహ్నం బస్సు గుర్తొచ్చింది. అక్కర్లేదన్నాడు. నాకు కనిపించింది చాలు, మీరు పూడ్చుకోండి అన్నాడు. దూరం నుంచే బర్రెను మూడు నాలుగు ఫొటోలు తీశాడు. మంగ్లీ అరచేతిలో బిళ్లను మాత్రం దగ్గరగా తీశాడు.

వెళ్లబోతూ, "చూస్తానమ్మా, మీకు వచ్చేటట్టే రాస్తాను" అన్నాడు. ఆ మాటకు ఆమె రెండు చేతులూ జోడించింది. ఆ దండాన్ని కూడా తీసుకుని ఆటో ఎక్కాడు.

*

మరుసటి రోజు ఆఫీసులో రెండు రిపోర్టులూ శ్రీనాథే టైపు చేశాడు. ఎరువుల దుకాణం మీది గది అది. కింది నుంచి యూరియా వాసన, బయట మార్కెట్టుకు పోయే ట్రాక్టర్ల మోత. ముందు మిల్లుది. పై వరసలూ కింది వరసలూ కలిపి యజమాని చెప్పినన్ని బస్తాలు పాడయ్యాయని రాశాడు. తర్వాత బర్రెది. చెవికి ట్యాగు లేదు, యజమానురాలు చేత్తో తెచ్చి చూపింది, బర్రె ఇదేననడానికి ఆధారం లేదు అని రాశాడు. రామనర్సయ్య రెండోదాన్ని రెండుసార్లు చదివి, బర్రె కేసు ఇంత సాఫుగా రాసినవాణ్ని చూడలేదని మెచ్చుకున్నాడు. శ్రీనాథ్ ఆ మెప్పుకు సంతోషపడ్డాడు. ఆమెకు వచ్చేటట్టు రాస్తానన్నది అప్పుడు గుర్తు రాలేదు. రిపోర్టులు రెండూ కంపెనీకి వెళ్లిపోయాయి. సాయంత్రం రామనర్సయ్యే ధర్మాకు ఫోన్ చేసి, ట్యాగు చెవికి లేదు కాబట్టి ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు.

తెల్లారి ఆఫీసు తాళం తీసేటప్పటికే మెట్ల మీద మంగ్లీ కూర్చుని ఉంది. శ్రీనాథ్‌ను చూసి ఆమె ముఖం తేటపడింది. తమవాడెవడో వచ్చినట్టు లేచి నిలబడింది. రామనర్సయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాక, ఆయనకు శ్రీనాథ్‌ను చూపించి మరీ మాట్లాడింది. ఈ సారు తమ తండాకు వచ్చాడని, గుండీ కింది చెవికి ఉందని తాను చెప్పిందని, తల లేపుతామని తమవాళ్లు లుంగీలు కట్టి నిలబడ్డారని, ఈ సారు వద్దన్నాడని చెప్పింది. నేరం మోపుతున్నట్టు చెప్పలేదు. సాక్షిని పిలిచినట్టు చెప్పింది.

రామనర్సయ్య కళ్లద్దాల మీదుగా చూశాడు. "నిజమేనా?"

"నాకు సరిగా వినపడలేదండి" అన్నాడు శ్రీనాథ్.

మంగ్లీ అతని వైపు తిరిగింది. "ఇనవడకపోతె మల్ల అడగాలె గద" అంది. అంతే. ట్యాగు బిళ్లను మళ్లీ కవరులో పెట్టి, కొంగున ముడేసి, మెట్లు దిగిపోయింది.

రామనర్సయ్య వేరే ఫైలు తీశాడు. శ్రీనాథ్ ఫోన్ తీసి ఆ ఫొటోలు పెద్దవి చేసి చూశాడు. అన్నిట్లో పై చెవే ఉంది. కింది చెవి మట్టిలో ఉంది. ఎంత పెద్దది చేసినా మట్టే కనిపించింది. మిల్లులో కింద ఉన్నదాన్ని చూడకుండానే తడిసిందని రాశాడు. తండాలో కింద ఉన్నదాన్ని చూడకుండానే లేదని రాశాడు.

*

మర్నాడు అమ్మకు బాగాలేదని రామనర్సయ్యకు ఫోన్‌లో చెప్పి, కోదాడ నుంచి నేరుగా తండాకు పోయాడు. చేయబోయిన మంచిపనిని కూడా అబద్ధంతోనే మొదలుపెట్టాడు.

వచ్చిన పని చెప్పగానే ధర్మా నవ్వాడు. రెండు దినాలు నీ కండ్ల ముందర పడేసి పెడితే చూడలేదు, ఇప్పుడు ఉప్పూ సున్నం వేసి పూడ్చినాక చూస్తావా అన్నాడు. మంగ్లీ అత్త గౌరీబాయి గుమ్మంలో కూర్చుని అంతా విని, వాళ్ల భాషలో ఏదో అంది. ఆ మాటకు అందరూ చూపు దించుకున్నారు. ఎవరూ దాన్ని తెలుగులో చెప్పలేదు. పసుపు కుంకుమ పెట్టి సాగనంపినదాన్ని మళ్లీ బయటికి లాగుతారా అన్నదని తర్వాత ధర్మా చెప్పాడు.

తల ఒక్కటి చాలని, కింది చెవి ఒక్కటి చూస్తే చాలని శ్రీనాథ్ బతిమాలాడు. క్లెయిము కోసం సర్వేయరును బతిమాలేవాళ్లను చూశారు గానీ, బతిమాలే సర్వేయరును వాళ్లెప్పుడూ చూడలేదు. కాశీరాం కూడా వచ్చి నిలబడ్డాడు. "మొన్న భూమి కొలవనంటివి. ఇయ్యాల తవ్వుతనంటున్నవ్. నీ డూటీ ఏందయ్యా అసలు?" అన్నాడు.

మంగ్లీ దొడ్లోకి పోయి పార తెచ్చి శ్రీనాథ్ కాళ్ల ముందు పడేసింది.

"తవ్వు" అంది.

తవ్వాడు. సున్నం గడ్డలు కట్టి పార దిగలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. ధర్మా గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ, ఈయన తవ్వేసరికి వానకాలం వస్తుందని అందరికీ వినపడేటట్టు అన్నాడు. కాసేపటికి లోపలి వాసన బయటికి తన్నింది. శ్రీనాథ్ పార వదిలేసి, గట్టు మీదికి పరిగెత్తి పొద్దున తిన్నదంతా కక్కాడు. మూతి తుడుచుకుని మళ్లీ గుంటలోకి దిగాడు. అప్పుడు ధర్మా బీడీ ఆర్పి, గడ్డపార అందుకున్నాడు. జాలిపడి కాదు. బర్రె తల ఎటు ఉందో అతనికి తెలుసు, ఈయనకు తెలియదు. మెడ మీద పార దించుతాడేమోనని భయం.

తల బయటపడ్డాక మంగ్లీ కొంగు ముక్కుకు చుట్టుకుని తనే గుంటలోకి దిగింది. చెంబుతో నీళ్లు పోసి చెవి కడిగింది. బతికున్నప్పుడు కడిగినట్టే, వెంట్రుకలు పక్కకు దువ్వుతూ కడిగింది. మట్టి కరిగి పసుపుపచ్చ గుండీ కనిపించింది, చెవికి బిగించినట్టే ఉంది. గుండీకి కొసన బిళ్ల ముక్క కొంచెం మిగిలి ఉంది. ఆమె కొంగుముడి విప్పి, తన దగ్గరి బిళ్లను తెచ్చి దానికి ఆనించింది. బ్లేడు కోసిన వంకరా వంకరా కలిసిపోయాయి.

శ్రీనాథ్ ఫోన్ తీశాడు. మొదటి ఫొటో చెదిరింది.

"మంచిగ తియ్యి" అంది మంగ్లీ, బిళ్లను కదల్చకుండా. "మల్ల తవ్వం."

తీశాడు. దగ్గరగా, దూరంగా, పక్క నుంచి. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునేదాకా ఆమె వంగిన నడుము ఎత్తలేదు. ధర్మా ఆ చెవిని కోసి, ఉప్పు నింపిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించాడు. మన్ను మళ్లీ కప్పేముందు గౌరీబాయి గుమ్మం దిగి వచ్చి, పసుపు ఇంకోసారి చల్లింది. శ్రీనాథ్ వైపు చూడలేదు.

*

రామనర్సయ్య కోప్పడలేదు. డబ్బా మూత తియ్యకుండానే ఫొటోలు చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. అమ్మకు ఎలా ఉందని అడిగాడు. శ్రీనాథ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

క్లెయిము వస్తుందన్నాడు రామనర్సయ్య. ఈ ఫొటో పెడితే కంపెనీ కాదనలేదు. కానీ చెవికి ట్యాగు లేదని తన ముద్రతో మొన్ననే ఒక రిపోర్టు వెళ్లింది. ఇవ్వాళ ఉందని ఇంకొకటి పోతే, మొన్న చూసినవాడు ఏం చూశాడని కంపెనీ అడుగుతుంది. చూడకుండా రాసే సర్వేయరుకు పని ఎవడిస్తాడు? అట్లాంటి కుర్రవాడికి లైసెన్సు ఎవడిస్తాడు?

ఆయనే కంప్యూటరు ముందు కూర్చుని ఒక కాగితం తయారుచేశాడు. ఇంగ్లీషులో, మంగ్లీ రాసిచ్చినట్టు. బర్రె పిడుగుపడి చనిపోయిందని, ట్యాగు పోతుందన్న భయంతో తానే కోసి దాచుకున్నానని, మొదటి తనిఖీ రోజున గుండీ చెవికి ఉన్న సంగతి చెప్పలేదని, ఆ చెవి చూపలేదని, తర్వాత తప్పు తెలుసుకుని తానే తవ్వి చూపించానని. కింద ఆమె సంతకానికి గీత.

"ఆమెకు పైసలొస్తయి. నీకు లైసెన్సొస్తది. నాకు మాట రాదు" అన్నాడు, కాగితాన్ని మడిచి శ్రీనాథ్ జేబులో తనే పెడుతూ. "ఎవల నోట్ల మన్ను వడ్డది తమ్మీ? నేను చెడ్డోణ్ని గాదు. పని దెలిసినోణ్ని."

శ్రీనాథ్ ఆ రాత్రంతా ఆలోచించాడని రాస్తే బాగుంటుంది. ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏముంది? అన్నీ కుదిరాయి. ఒక్క వాక్యం అబద్ధం, అది కూడా ఆమెకు రాని భాషలో. కోదాడలో బస్సు దిగి, ఇంటికి పోయి, అమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా మరునాటికి తీసి పెట్టుకుని పడుకున్నాడు. బాగానే నిద్రపట్టింది.

*

పొద్దున తండాకు వెళ్లేసరికి మంగ్లీ పడ్డను కడుగుతోంది. కూలికి పోవడానికి మూట కట్టి గడప పక్కన పెట్టి ఉంది. ధర్మా మంచం వాల్చాడు. క్లెయిము వస్తుందని శ్రీనాథ్ చెప్పగానే ధర్మా ముఖం వెలిగింది. మంగ్లీ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆడవాళ్ల పొదుపు సంఘంలో సంతకం నేర్చుకున్నది ఆమే, ధర్మాది వేలిముద్ర. బర్రె కూడా ఆమె పేరునే ఉంది.

ఏం రాశావో చదవమంది.

శ్రీనాథ్ ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పాడు. పిడుగు పడిందని, బర్రె చనిపోయిందని, ట్యాగు భయంతో కోసి దాచారని, తర్వాత తవ్వి చూపించారని. మధ్యలో వాక్యం దగ్గర కన్ను ఆగింది గానీ నోరు దాటేసింది.

"గింత పెద్ద కాగితంల గింతేనా?" అంది మంగ్లీ.

అతను తలెత్తాడు. ఆమె అనుమానంతో అడగలేదు. కాగితం నిండా అక్షరాలున్నాయి, మాటలు తక్కువ వచ్చాయి, అదే అడిగింది. శ్రీనాథ్ మళ్లీ కాగితంలోకి చూశాడు. ఈసారి ఆ వాక్యం కూడా చదివాడు. మొదటి తనిఖీ రోజున గుండీ సంగతి నేను చెప్పలేదు. ఆ చెవి చూపలేదు.

పడ్డ తోక కొట్టుకుంటోంది.

ధర్మాకు అర్థమైంది. అర్థమయ్యే, పోనియ్యి, సంతకం పెట్టమన్నాడు. పైసలొస్తే చాలు, కాగితంలో ఏముంటే మనకేంటి, మన ముందు ఎవరు చదువుతారు అన్నాడు. మంగ్లీ అతనితో వాళ్ల భాషలో చిన్నగా ఏదో అంది. ధర్మా తల దించుకుని బీడీ కట్ట తీశాడు. ఆమె శ్రీనాథ్ వైపు తిరిగింది.

"రెండు రాత్రులు కుక్కలను కొట్టుకుంట దాని పక్కన కూసున్న. దాసెటిదాన్నైతె గట్ల కూసుంటనా?" గొంతు పెంచలేదు. "నేను దాసలే. నువ్వు సూడలే. గట్ల రాయి, పెడ్త సంతకం."

అట్లా రాస్తే తన పని పోతుందని చెప్పాడు శ్రీనాథ్. సంతకం పెట్టకపోతే క్లెయిము పోతుందని చెప్పాడు. రెండూ నిజమే. ఆమె రెండూ విన్నది. వెళ్లి గడప పక్కన మూట మీద చెయ్యేసుకుని కూర్చుంది. తొందరలేదన్నట్టు కూర్చుంది. బర్రె పక్కన కూడా అట్లాగే కూర్చుని ఉంటుంది.

శ్రీనాథ్‌కు ముందు కోపం వచ్చింది. ఇంత చేశాను, గుంట తవ్వాను, కక్కుకున్నాను, ఒక్క వాక్యం పట్టుకుని వేలాడుతుందేమని. ఆ కోపం ఎంతసేపు ఉంచుకుందామన్నా నిలవలేదు. అరచేతుల బొబ్బలు చిట్లి మంటపెడుతున్నాయి. ఆ గుంట ఎవరి కోసం తవ్వాడో ఆలోచిస్తే, ఆమె కోసమని గట్టిగా చెప్పలేకపోయాడు.

కాగితం వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, తెలుగులో రాశాడు. బర్రె కింది చెవికి ట్యాగు గుండీ ఉందని మంగ్లీ నాకు మొదటి రోజే చెప్పింది. తల లేపి చూపిస్తామని వాళ్లు ముందుకొచ్చారు. నేను వద్దన్నాను. కింది చెవి నేను చూడలేదు. చూడకుండానే లేదని రాశాను. ఇంకేమైనా కలుపుదామని చూశాడు, వాసన వల్లనో, కొత్తవాణ్ని కావడం వల్లనో అని. కలిపితే బాగుండదని ఆపేశాడు.

చదవమంది మంగ్లీ. చదివాడు. ఆమె లేచి వచ్చి చెయ్యి చాపింది, పెన్ను కోసం.

"మీది అక్కర్లేదమ్మా. ఇది నేను పెట్టేది" అన్నాడు.

సంతకం పెట్టాడు. ఆమె చెయ్యి ఇంకా అట్లాగే చాపి ఉంది.

"సాచ్చి ఉండద్దా?" అంది. "సంఘంల ఏ కాగితమైనా సాచ్చి లేనిది చెల్లదు."

పెన్ను ఇచ్చాడు. ఆమె మంచం పట్టెమీద కాగితం పెట్టి, అతని పేరు కింద, ఒక్కో అక్షరం గుర్తుచేసుకుంటూ తన పేరు రాసింది. రాశాక ఒకసారి అతని అక్షరాలనూ తన అక్షరాలనూ చూసుకుని, కాగితం చేతికిచ్చి, మూట నెత్తికెత్తుకుంది. కూలికి ఆలస్యమైందని ధర్మాను కేకేసింది.

సూర్యాపేట బస్సులో సీటు దొరికితే శ్రీనాథ్ కూర్చున్నాడు. ముకుందాపురం దాటుతుండగా రామనర్సయ్య ఫోన్ చేసి, సంతకమైందా అని అడిగాడు.

"అయిందండి. నాది. ఆమె సాక్షి."

అవతల ట్రాక్టర్ల మోత మాత్రం వినిపించింది. కాగితంలో ఏముందో రామనర్సయ్య అడగలేదు. ఆయనకు పని తెలుసు.

"మరి మిల్లుది గూడ గిట్లనే రాస్తవా?" అన్నాడు చివరికి, వెక్కిరింతగా.

శ్రీనాథ్‌కు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఆ బస్తాలు ఇంకా గోదాంలోనే ఉన్నాయాండి?" అని అడిగాడు.